పొద్దు పొడవని ఊరికి ప్రయాణం

మా కర్నూల్లో మే నెల మధ్యాహ్నం మనిషి చేయగల పని ఒక్కటే, తలుపులన్నీ మూసుకొని బండల మీద పడుకోవడం. ఆ బండలు కూడా నావే. బేతంచెర్లలో నాకు రాళ్ళు కోసి నునుపు పట్టే పాలీషు ఫ్యాక్టరీ ఉండేది. మోకాళ్ళు మొరాయించాక దాన్ని తమ్ముడికి అప్పజెప్పి ఇంట్లో కూర్చున్నాను. కూర్చోవడం నాకు చేతకాదు. ఎవరి మీద అరవాలో తెలియక ఫ్యాను మీద, పాలాయన మీద అరుస్తూ ఉండేవాణ్ణి. అలాంటి ఒక మధ్యాహ్నం ఫోనులో ఏదో చూస్తుంటే, చీకటి ఆకాశంలో ఆకుపచ్చ వెలుగు కనిపించింది. ఆరేసిన చీర గాలికి కదిలినట్టు ఆ కొస నుంచి ఈ కొసకు మెల్లగా ఊగుతోంది. కింద అంతా మంచు. మంచులో నిలబడి మనుషులు నోళ్ళు తెరుచుకొని చూస్తున్నారు. ధ్రువకాంతులట. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ దేశాల ఉత్తరపు కొసన చలికాలంలో కనపడతాయట.

లేచి కూర్చున్నాను. జన్మంతా రాతి దుమ్ము చూసిన కళ్ళు ఇవి, పోయేలోపల ఈ ఒక్కటి చూడాలి అనిపించింది.

“ఏమ్మే, చలి దేశాలు చూసొద్దామా?” అని కేక వేశాను.

నా భార్య పైటకొంగుతో మెడ తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. “ఇప్పుడే పోదాం పాప్పా. ఈ ఉడుకులో అడిగేదేముండాది?” అంది.

ఎగతాళి అనుకున్నాను గానీ, తీరా మొదలుపెట్టాక నాకంటే ఆమెకే తొందర ఎక్కువైంది. ఊళ్ళో యాత్రల ఆఫీసు నడిపే పెద్దమనిషి దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. ఇదివరకు ఆయన కాశీకి, రామేశ్వరానికి బస్సులు వేసేవాడు, ఇప్పుడు విమానాల దాకా ఎదిగాడు. డెన్మార్కులో దిగడం, రైల్లో స్వీడన్, ఓడలో ఫిన్లాండ్, చివరికి నార్వే ఉత్తరపు కొస. డిసెంబరు అయితే ఆ వెలుగులు చూడటానికి బాగుంటుందన్నాడు. నాలుగు దేశాలకూ ఒకే వీసా చాలని చెబితే నా భార్య తేలిగ్గా తీసుకుంది. “అంతే కదా, మనం రాయచూరు పోయొచ్చినట్లే” అంది.

ఇంటికొచ్చిన రోజే ఫ్రిజ్జులో ఐసు పెట్టే అరలో చెయ్యి పెట్టి నిలబడింది. ఏం చేస్తున్నావంటే, “ఎంత చలి తట్టుకుంటానో సూసుకుంటాండా” అంది. కాసేపటికి చెయ్యి తీసి, పెద్ద కష్టమేం కాదని తేల్చింది. స్వెట్టర్ల కోసం బజారంతా తిరిగాం. ఎండాకాలం స్వెట్టరు అడిగినందుకు ఒక దుకాణదారు మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చాడు, ఎండదెబ్బ తగిలిందనుకున్నట్టున్నాడు. చెనిక్కాయల పొడి, నువ్వుల పొడి, ఎండుమిరపకాయల కారం ఏ డబ్బాలో ఎంత పట్టాలో ఆమె లెక్క వేసుకుంది. రాగిపిండి తీసుకుపోతానంది. ఆ దేశాల్లో సంకటి కెలకడానికి పొయ్యి ఎవరిస్తారే అంటే, “అడిగితే ఇయ్యరా? వాళ్ళు మనుషులు కాదా?” అంది. నేను ఆ నెలంతా ఎవరి మీదా అరవలేదు. పాలాయన కూడా గమనించాడు.

ఇక్కడ నా భార్య మొక్కు సంగతి చెప్పాలి. ఫ్యాక్టరీ పెట్టిన కొత్తలో రాయి కోస్తుంటే పెచ్చు ఎగిరి నా కుడికంట్లో గుచ్చుకుంది. ఆపరేషను చేసి కట్టు కట్టారు. చూపు వస్తుందో రాదో చెప్పలేమన్నారు. కట్టు విప్పేలోగా ఆమె సూర్యుడికి మొక్కుకుంది. నా కంటికి చూపు వస్తే, తన ప్రాణం ఉన్నంతవరకు ఆయన్ను చూడందే అన్నం ముట్టనని. చూపు వచ్చింది. ఆనాటి నుంచి పొద్దున్నే మిద్దె మీదికి పోయి, తూర్పున సూర్యుణ్ణి చూసి, దండం పెట్టి, కిందికి వచ్చాకే కాఫీ అయినా, టిఫిను అయినా. మబ్బుగా ఉన్న రోజు కనపడేదాకా నీళ్ళతోనే ఉంటుంది. మా సీమలో ఆ మొక్కు మోయడం కష్టం కాదు. మాకు మబ్బుల కరువే గానీ సూర్యుడి కరువు ఎప్పుడూ లేదు. “వానదేవుడికి మొక్కుకొని ఉంటే తెలిసేది నీ సంగతి” అని నేను ఆటపట్టించేవాణ్ణి.

అందుకే మాకు తట్టలేదు. సూర్యుడు లేని ఊరు ఒకటి ఉంటుందని ఎండలో పుట్టి ఎండలో పెరిగిన మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

మా కూతురు రాజంపేటలో ఉంటుంది. బడిలో సాంఘికశాస్త్రం చెబుతుంది. గొప్పలు చెప్పుకుందామని ఆమెకు ఫోను చేశాం. ఊళ్ళ పేర్లన్నీ మళ్ళీ ఒకసారి చెప్పించుకుంది.

“నాయనా, డిసెంబర్లో ఆ చివరి ఊర్లో పొద్దు పొడవదు కదా” అంది.

“మబ్బు పడతాదా?” అని వాళ్ళమ్మ అడిగింది.

“మబ్బు కాదమ్మా. సూర్యుడే పైకి రాడు. మధ్యాహ్నం కూడా మసక వెలుగే. కొన్ని వారాలు అట్లే ఉంటాది.”

నా భార్య చేటలో చెనిక్కాయలు ఏరుతోంది. ఏరడం ఆపలేదు. “అయితే నువ్వు పోయిరాప్పా. అందరితో కలిసి పోతావు, భయమేముండాది” అంది.

నేను ఒప్పుకోలేదు. రోజూ ఒక ఉపాయం పట్టుకొచ్చాను. వీడియో కాల్లో రాజంపేట సూర్యుణ్ణి చూపిస్తానని కూతురు మాటిచ్చింది. “ఎదురుగా నిలబడి సూడాల. ఫోన్లో సూసేదానికి ఆయప్పేమన్నా సీరియలా?” అంది నా భార్య. పోనీ జూన్లో పోదామా అంటే, అప్పుడు ఆ ఊళ్ళో సూర్యుడు అస్తమించడట. “అదే బాగుండాది, పొద్దంతా తినొచ్చు” అని ఆమె నవ్వింది. కానీ చీకటి పడకపోతే నా వెలుగులు కనపడవు. చివరికి కూతురే సెప్టెంబరు నెల పట్టి ఇచ్చింది. అప్పుడు పగలు పగలే, రాత్రి రాత్రే, రెండూ ఉంటాయి. నేను ఎగిరి గంతేశాను. మోకాళ్ళు వద్దన్నాయి. అంతలో కూతురు ఇంకో మాట కలిపింది. “సముద్రం పక్క ఊరు నాయనా. దినాలకు దినాలు మబ్బు పట్టినా పట్టొచ్చు.”

“ఆడ నేను పస్తులుండి కళ్ళు తిరిగి పడిపోతే, నువ్వు ఆకాశం సూస్తావా, నన్ను సూస్తావా?” అంది నా భార్య. కోపంగా కాదు, ధర అడిగినట్టు మామూలుగా అడిగింది.

నాకు మాత్రం కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలి? నా కంటి కోసం ఇన్నేళ్ళు నోరు కట్టుకున్న మనిషి మీదనా? ఆమె పక్కన లేకుండా ఆ వెలుగు చూడాలని నాకు లేదు. ఆ మాట ఆమెతో అనడానికి నోరు రాలేదు. యాత్రల ఆఫీసుకు పోవడం మానేశాను. స్వెట్టర్ల మాట ఎత్తలేదు. పాలాయన మీద మళ్ళీ అరవడం మొదలుపెట్టాను.

వానల చివర్లో రాజంపేటలో కూతురి ఇంటికి వెళ్ళాం. సముద్రంలో వాయుగుండం పడింది, ఆ పక్కకు ముసురు పట్టింది. మా కర్నూల్లో అట్లాంటి ముసురు నేనెరుగను. కొండలు కనపడలేదు, ఎదురింటి నీళ్ళ ట్యాంకు కూడా సరిగ్గా కనపడలేదు. ఆ రోజంతా నా భార్య నీళ్ళు తాగి పడుకుంది. మరునాడు కూడా అదే వాన. పండైనా తినమని కూతురు బతిమాలింది, తర్వాత తిట్టింది. ఆమె నవ్వి అటు తిరిగి పడుకుంది. నేను దోసె కంచం పక్కకు నెట్టాను. ఆకలి లేదని లేచి, గొడుగు తీసుకొని మిద్దె ఎక్కాను.

ఎంతసేపు నిలబడ్డానో. మధ్యాహ్నం దాటినట్టుంది. వాన తెరిపి ఇచ్చింది, మబ్బు ఒకచోట పలచబడింది. అందులోంచి సూర్యుడు కనపడ్డాడు. వేడి లేదు, వెలుగు కూడా పెద్దగా లేదు. కంచంలా తెల్లగా ఉన్నాడు.

“ఏమ్మే! రా! కనపడినాడు, రా!” అని వీధి వీధంతా వినపడేట్టు అరిచాను.

ఆమె గోడ పట్టుకొని ఒక్కో మెట్టే ఎక్కి వచ్చింది. వచ్చేసరికి మబ్బు మూసుకుపోయింది. ఎటు చూసినా ఒకటే బూడిద రంగు.

“ఇప్పుడే ఉండె మే. ఆడ, ఆ ట్యాంకు పైన. నేను సూసినా. ఒట్టు.” గొడుగుతో ఆ పక్కకు చూపించాను.

ఆమె ఆకాశం వైపు ఒకసారి చూసింది. తర్వాత నా ముఖం వైపు చూస్తూ ఉండిపోయింది.

“కుడికంటికి బాగా కనపడినాడా?” అని అడిగింది.

“బాగా కనపడినాడు.”

“అట్లయితే సాలు” అంది. “నేనడిగిండేది ఆ కంటికే కదా. అది సూసింది, నేను సూసినట్లే. పాప్పా, అన్నం తిందాం. శానా ఆకలయితాండాది.”

కిందికి దిగేటప్పుడు నా భుజం పట్టుకుంది. కూతురు ఏమీ అడగకుండా ఇద్దరికీ కంచాలు పెట్టింది. నా భార్య పప్పు కలుపుకొని మొదటి ముద్ద తింది, రెండోది తింది. నేను కలిపిన ముద్ద అట్లాగే పట్టుకొని కూర్చున్నాను.

“తినప్పా” అంది. “వచ్చే సెప్టెంబరుకు మన పేర్లు రాయించు. ఆడ పొద్దున్నే లేసి బయటికి పోయి ఆయప్పను సూసొచ్చే పని నీదే. నువ్వొచ్చి సెప్పినాకనే నేను తింటా.”