పొగ రాని స్కూటరు

మా ఆయన స్కూటర్ల మిస్త్రీ. నాంపల్లి స్టేషనుకు ఎదురుగా ఉన్న సందులో రేకుల షెడ్డు, షెడ్డు వెనక తలుపు తీస్తే మా వంటిల్లు. నా పోపు వాసన ఆయనకు, ఆయన పెట్రోలు వాసన నాకు. కొత్తలో ఆ కంపుకు అన్నం సయించేది కాదు. రాను రాను ఆ వాసన లేని రోజే ఏదో వెలితిగా ఉండేది, ఏం చెప్పను!

నిజాం కాలపు హాలీ రూపాయలు ఇంకా చెల్లుతున్న రోజులవి. ఊళ్లో స్కూటర్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అన్నీ ఇటలీ నుంచి వచ్చిన బండ్లే. మోటార్లు బాగుచేసే మిస్త్రీలు వాటిని చూసి ఇది బండా, పిల్లల బొమ్మా అని నవ్వేవాళ్లు. మా ఆయన మాత్రం మొదటి బండి చేతికి రాగానే నేల మీద పాత దుప్పటి పరిచాడు. ఇంజను మొత్తం విప్పి, ఏ ముక్క పక్కన ఏ ముక్కో వరసగా పేర్చుకున్నాడు. రెండు రోజులు ఆ దుప్పటి దగ్గరే కూర్చుని, మూడో రోజు నన్ను పిలిచాడు.

"ఇగో, గిటు చూడు. పెద్ద మోటార్లకు గాలి లోపలికి పోనీకి ఒక మూత, పొగ బయటికి రానీకి ఒక మూత ఉంటయి. దీనికి గవేం లేవు. సిలిండర్ గోడకే కంతలు పెట్టిన్రు. పిస్టన్ పైకి పోయినప్పుడు కొన్ని మూస్తది, కిందికొచ్చినప్పుడు తెరుస్తది. పిస్టనే తలుపు, పిస్టనే కావలి. ఎంత తెలివే చేసినోనికి!"

"ఔ" అన్నాను, చేటలో బియ్యం ఏరుతూ.

ఇంజను వెనక చక్రానికి కుడిపక్కన ఉంటుందనీ, సైకిలుకు ఉన్నట్టు గొలుసు లేదనీ, ధోవతి కట్టుకున్నవాళ్లు కూడా మరక అంటకుండా ఎక్కొచ్చనీ చెప్పాడు. "ఔ" అన్నాను. చిన్న కొలత డబ్బా ఒకటి చేతిలో పట్టుకుని ఇంకా ఏదో చాలాసేపు చెప్పాడు. దానికీ "ఔ, ఔ" అన్నాను. ఆ రోజు బియ్యంలో రాళ్లు ఎక్కువగా ఉన్నాయి మరి.

అబిడ్స్‌లో ఒక డాక్టరు ఉండేవాడు, దవాఖానలో ఆపరేషన్లు చేసేవాడు. ఆయన వల్లే మా షెడ్డుకు పేరొచ్చింది. "నా బండి మీద ఈ మిస్త్రీ చెయ్యి తప్ప ఇంకోని చెయ్యి పడనియ్య" అని నలుగురిలో అనేవాడు. ఆ మాట విని మిగతావాళ్లు వచ్చేవాళ్లు. మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ ఒక్క మాట మీదే.

ఆ ఏడు మహర్నవమికి డాక్టరుగారి బండి మా దగ్గరే ఉంది. పనంతా అయిపోయింది, మధ్యాహ్నం వచ్చి తీసుకెళ్తానన్నాడు. నవమినాడు పనిముట్లన్నీ తోమి, బొట్లు పెట్టి పూజలో పెడతాం. పెట్టాక మర్నాటి దాకా వాటిని ముట్టం. ఎక్కడా పిసరంత జిడ్డు ఉండకూడదు. ఆయన బంతిపూలకూ గుమ్మడికాయకూ బజారుకు వెళ్లాడు. తోమడం నా వంతు.

పానాలు తోమాను, సుత్తెలు తోమాను, స్కూటరు తుడిచాను. ఊరుకుంటే పోయేది! ట్యాంకు మూత తీసి వేలు ముంచాను. పెట్రోలు జిడ్డుగా, నల్లగా ఉంది. నాకు ఒళ్లు మండింది. ఎవడో కల్తీ పెట్రోలు అంటగట్టాడు, పూజలో పెట్టే బండి కడుపులో గలీజు ఉంటుందా అనుకున్నాను. ఆయన గొట్టం పీకడం వందసార్లు చూసినదాన్ని. నేనూ పీకి, మొత్తం బకెట్లోకి దింపి, సందు చివర మోరీలో పారబోశాను. ఇంజను సామాన్లు కడగడానికి ఉంచిన టిన్నులో తేటగా మెరుస్తున్న పెట్రోలు ఉంటే అది నింపాను. ఆయన రాగానే చెబుదామనే అనుకున్నాను. ఈలోగా పరమాన్నం అడుగంటింది, ఆ హడావిడిలో మరిచిపోయాను.

పూజ అయ్యాక డాక్టరుగారు వచ్చి ఒక్క తన్ను తన్నగానే బండి అందుకుంది. చక్రం కింద నిమ్మకాయ చితికింది. "ఏం చేసినవయ్యా మిస్త్రీ, పొగ గూడ వస్తలేదు!" అన్నాడు. మా ఆయన సంబరంగా నవ్వాడు. నేనూ నవ్వుకున్నాను.

సాయంత్రానికి ఆ బండి తోపుడు బండి మీద తిరిగొచ్చింది. కాచిగూడ పోయి వస్తుంటే అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు ముందర వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోయిందట. డాక్టరుగారు ఎగిరిపడ్డాడట, కుడి మణికట్టు విరిగిందట.

మా ఆయన పూజలో ఉన్న పానా తీశాడు. "ముట్టొద్దు, పూజల ఉన్నయి" అన్నాను. వినలేదు. కుంకుమ బొట్టుతోనే ఇంజను విప్పాడు. పిస్టను సిలిండరుకు కరుచుకుపోయి, గీతలు గీతలుగా ఉంది. ట్యాంకులో వేలు ముంచి, బొటనవేలితో రాసి చూశాడు.

"నూనె లేదు" అన్నాడు. "ఈ ఇంజనుకు నూనె వేరే ఉండదు. పెట్రోలుతోని కలిపి పోస్తెనే లోపలికి పోతది. నేను కలుపుడు మర్చిపోయిన. నూనె కాలితెనే పొగ. పొగ వస్తలేదన్నప్పుడన్న నాకు సమజ్ కావాలె గదా. పండ్లికిలించిన. ఆపరేషన్లు చేసే చెయ్యిని ఇరగ్గొట్టిన."

ఆ కొలత డబ్బా ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. చెప్పాలి, నోరు రాలేదు. భయం. ఆయన తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంటుంటే నేను వంటింట్లోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. ఇప్పటికీ అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

దసరా పొద్దునకు మాట అంతటా పాకింది. ఇద్దరు వచ్చి, సగం పనిలో ఉన్న బండ్లను నెట్టుకుంటూ పోయారు. "నా మతి మీద నాకే నమ్మకం లేదు. ఇగ స్కూటర్ల జోలికి పోను, షెడ్డు ఖాళీ చేస్త" అన్నాడాయన. ముద్ద ముట్టలేదు.

సాయంత్రం జమ్మి ఆకు పట్టుకుని డాక్టరుగారింటికి బయల్దేరాడు. దసరానాడు జమ్మిని బంగారమని పెద్దల చేతిలో పెట్టి దండం పెడతాం. నేనూ వెంట వెళ్లాను. డాక్టరుగారి చేతికి మోచేతి దాకా పిండికట్టు ఉంది.

"సాబ్, నూనె కలుపుడు మర్చిపోయిన. మాఫ్ చెయ్యిన్రి. మీ బండికి ఇంకో మిస్త్రీని చూసుకోన్రి" అని వంగాడు మా ఆయన.

"ఆయన మర్వలే" అన్నాను. "కలిపిండు. పండుగని నేనే పారబోసి తేటది పోసిన. ఆయనకు తెల్వది."

డాక్టరుగారు ఒకసారి తన కట్టు వైపు చూసుకున్నాడు. తర్వాత ఎడమ చెయ్యి చాపాడు. "బంగారం ఈ చేత్తోని తీసుకోవద్దు గని, ఏం జేస్తనమ్మా?" అని జమ్మి తీసుకున్నాడు. "బండి నువ్వే బాగుచెయ్యి మిస్త్రీ. చెయ్యి అతికినంక నేనే వచ్చి తీస్కపోత."

తిరిగి వస్తూ ఆయన నాకు పది అడుగులు ముందు నడిచాడు. తిట్టినా బాగుండేది. నాంపల్లి సందు మొదట్లో ఆగాడు.

"డబ్బ చేతిల పట్టుకొని నీకు చెప్పిన్నా, లేదా?"

"చెప్పినవు."

"నువ్వు ఔ అన్నవు."



షెడ్డు నిలిచింది. పోయిన బండ్లు తిరిగొచ్చాయి, కొత్తవీ వచ్చాయి. బండి తెచ్చిన ప్రతి ఒక్కరికీ ఆయన దుప్పటి పరిచి ఇంజను విప్పి చూపేవాడు. "ఇగో, గిటు చూడు" అని నన్ను మాత్రం మళ్లీ ఎన్నడూ పిలవలేదు. ఇరవై పాళ్ల పెట్రోలుకు ఒక పాలు నూనె. వంటింటి తలుపు వెనక, చేట కింద పెట్టి నిలబడి, ఆయన ఎవరికో చెబుతుంటే నేర్చుకున్నాను. ప్రతి మాటకూ లోపల్నుంచి "ఔ" అనేదాన్ని. ఆయనకు వినపడేది కాదు.