అరవకూడని మైదానం

ఇసోగాయ్ ఫుమియె మా బజారు వీధిలో క్యాబేజీ అట్లు పోసి అమ్మే మనిషి. పెద్ద ఇనప పెనం చుట్టూ జనాన్ని కూర్చోబెట్టి, వాళ్ల కళ్లెదుటే అట్టు తిరగేసి, సాస్ పూసి, ఎండుచేప తురుము చల్లి పెడుతుంది. ఆమె దుకాణం పొద్దెక్కితే గాని తెరవదు. అందుకని తెల్లవారుజాములు ఆమె సొంతం. ఆ వేళల్లో బేస్‌బాల్ ఆడేది.

చిన్నప్పుడు ఆమెను ఆడనివ్వలేదు. హైస్కూల్ జట్టులో చేరతానని వెళితే, ఆడపిల్లలకు మేనేజర్ పని ఉందన్నారు. మేనేజర్ అంటే బార్లీ టీ కాచడం, మట్టి కొట్టుకుపోయిన బట్టలు ఉతకడం. చదువయ్యేదాకా ఆ టీ కాస్తూనే ఉంది. మైదానంలో కాలు పెట్టనిచ్చింది నీళ్లు చల్లడానికి మాత్రమే. ఇప్పటికీ ఆ మాట చెప్పేటప్పుడు ఆమె దవడలు బిగుసుకుంటాయి.

నలభై దాటాక బజారు వీధి వాళ్లను పోగుచేసి తనే ఒక జట్టు కట్టింది. నాది హెయిర్ కటింగ్ షాపు. రోజంతా వంగి నిలబడే అలవాటు ఉంది కాబట్టి బ్యాట్స్‌మన్ వెనక క్యాచర్‌గా కూర్చోమంది. బౌద్ధాలయం పూజారి కకుజెన్ గారికి కాళ్లు పొడుగు, ఆయన్ని మైదానం మధ్యలో దూరంగా నిలబెట్టింది. తను మాత్రం, పరుగెత్తేవాళ్లు తాకే గుర్తుల్లో రెండో బేసుకీ మూడో బేసుకీ నడుమ నిలబడేది. బంతులు ఎక్కువగా వచ్చిపడేది అక్కడే మరి. అందరం ఆమెను అక్కా అనే పిలిచేవాళ్లం, ఆమెకన్నా పెద్దవాడైన కకుజెన్ గారితో సహా.

ఆడటానికి చోటు మా పేట పార్కులోని నగరపాలక మైదానం. ఆదివారాలకు లాటరీ తీసేవారు. పెద్ద కంపెనీల జట్లు ఆటగాళ్లందరి పేర్ల మీదా చీటీలు వేసేవి. మాకెప్పుడూ తగిలేది కాదు. ఎవరికీ అక్కర్లేని తెల్లవారుజాములు మిగిలితే ఫుమియె అవే తీసుకుంది. అందరికన్నా ముందు వచ్చి చెక్కపారతో మట్టి చదును చేసేది. ఆట అయ్యాక మళ్లీ చదును చేసిగాని వెళ్లేది కాదు. మంచు పడ్డ రోజుల్లో కూడా ఆమె చేతులు వెచ్చగా ఉండేవి. అలా చాలా ఏళ్లు హాయిగా గడిచింది.

పార్కు పక్కన పాత నూలు మిల్లు ఉండేది. దాన్ని పడగొట్టి అపార్టుమెంట్లు కట్టారు. జనం వచ్చి చేరిన మొదటి వేసవిలోనే మైదానం కంచెకు బోర్డు వేలాడింది: లోహపు బ్యాట్లు వాడరాదు. సరేనని చెక్క బ్యాట్లు కొన్నాం. చలికాలానికి ఇంకో బోర్డు: పెద్దగా అరవరాదు. తర్వాత మరొకటి: చప్పట్లు కొట్టరాదు.

ఫుమియె పార్కుల ఆఫీసుకు వెళ్లింది. అక్కడ నిషివాకి అనే అధికారి, ఎంతో మర్యాదస్తుడు, ఆమెకు టీ ఇచ్చి కూర్చోబెట్టాడు.

“నివాసుల నుంచి ఫోన్లు వస్తున్నాయండీ” అన్నాడు.

“ఎంతమంది చేశారు?”

“ఎంతమంది అన్నది కాదండీ ముఖ్యం. అసౌకర్యం కలిగింది కదా.”

“ఎవరికి కలిగిందో చెప్తే నేనే వెళ్లి తలొంచి క్షమాపణ అడుగుతాను.”

“పేర్లు చెప్పకూడదండీ. మీ అభిప్రాయం మాత్రం పరిశీలిస్తాం.”

ఆమె బయటికి వచ్చి ఆ టీ కూడా చల్లారిపోయిందని మాతో గొణిగింది. ఆ తర్వాత ఏ బోర్డు గురించి అడిగినా నిషివాకి పరిశీలిస్తామనే అన్నాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించేదట.

చివరికి ఒకరోజు మమ్మల్నందరినీ పెనం చుట్టూ కూర్చోబెట్టి, మూగగా ఆడదామని చెప్పింది. మేం నవ్వాం. ఆమె నవ్వలేదు. బంతి నాది అనడానికి చెయ్యి పైకెత్తాలి, పరిగెత్తమనడానికి టోపీ ఊపాలి, అంపైర్ వేళ్లతోనే తీర్పు చెప్పాలి. బ్యాటుకు గుడ్డ చుట్టాలి. “నోరు మూసుకుని ఆడితే ఇంక వాళ్లకేం మిగులుతుంది చెప్పడానికి?” అంది.

అలాగే ఆడాం. ఎదుటి జట్టును కూడా బతిమాలి ఒప్పించింది. మొదట్లో నవ్వాపుకోలేక మా పిచ్చర్ బంతి విసరలేకపోయేవాడు. చేపల కొట్టు యజమాని పరుగు తీసి గెలిచిన ఆనందంలో నోరు తెరిచి, గుర్తొచ్చి రెండు చేతులతో మూసుకునేవాడు. కానీ ఫుమియెకు అందులో సరదా లేదు. అరుపు లేని ఆట ఉప్పులేని పులుసులా ఉందనేది. అయినా రెండు నెలలు కొత్త బోర్డేదీ రాలేదు. ఆ కాస్త ఊరటకే ఆమె ముఖం తేటపడింది.

వర్షాకాలం ముందు ఒక పొద్దున బంతి బాగా ఎత్తుకు లేచింది. ఫుమియె వెనక్కి పరిగెత్తింది. కకుజెన్ గారు ముందుకు పరిగెత్తారు. ఇద్దరి కళ్లూ ఆకాశంలోనే ఉన్నాయి, ఇద్దరి చేతులూ పైకే ఉన్నాయి. మామూలుగా అయితే ఎవరో ఒకరు నాది అని కేక వేసేవాళ్లు. ఆ రోజు ఎవరూ వేయలేదు. మోకాళ్ల మీద కూర్చున్న నాకు ఆ చప్పుడు వినిపించింది. పూజారి గారి పన్ను ఊడింది. ఆమె మెడకింది ఎముక విరిగింది. నేను పరిగెత్తుకుని వెళ్లేసరికి ఆమె నేలమీద పడి పెదవి కొరుక్కుంటూ ఉంది, ఒక్క మూలుగు కూడా బయటికి రానివ్వకుండా.

మాలో ఎవరి దగ్గరా ఫోన్ లేదు. నేను రోడ్డు మీది బూత్ వైపు పరుగు తీసేలోపే సైరన్ వినబడింది. అపార్టుమెంట్లలో ఎవరో అంబులెన్స్‌ను పిలిచారు.

వారం తిరగకుండా నిషివాకి ముఖం చిన్నబుచ్చుకుని, పెసర హల్వా పెట్టెతో ఆస్పత్రికి వచ్చాడు. బాగా వంగి నమస్కరించి, ఇకమీదట తెల్లవారుజామున మైదానం ఇవ్వబోమని చెప్పాడు. ఆ ఉదయం గురించి మళ్లీ ఫోన్ వచ్చిందన్నాడు.

“సైరన్ మోగిందనా?” అని అడిగింది ఫుమియె.

“భద్రత సమస్య కూడా ఉందండీ. కేకలు వేసుకోకుండా ఆడటం ప్రమాదం అని తేలింది.”

“అరవొద్దన్నది మీరే కదయ్యా.”

“అవునండీ. అది అలాగే ఉంటుంది.”

ఆమె ఆ హల్వా పెట్టెను అతని చేతిలోనే తిరిగి పెట్టింది.

చేతికి కట్టుతోనే ఆమె అపార్టుమెంట్ల గేటు దగ్గర నిలబడటం మొదలుపెట్టింది. వచ్చేపోయే వాళ్లకు తలవంచి, ఫోన్ చేసింది మీరేనా అని అడిగేది. చాలామంది పక్కనుంచి తప్పుకుపోయారు. కొన్నాళ్లకు ఒకామె ఆగింది. ఉరుషిబారా అనే నర్సు, రాత్రి డ్యూటీ నుంచి వస్తోంది. ఫుమియె కట్టువైపు చూసి, ఎముక అతుక్కుంటోందా అని అడిగింది.

“మీరెవరు?”

“ఆ రోజు అంబులెన్స్‌ని పిలిచింది నేనే. బాల్కనీలో బట్టలారేస్తూ చూశాను. తర్వాత మీకెలా ఉందో కనుక్కుందామని పార్కుల ఆఫీసుకి ఫోన్ చేశాను. వాళ్లేమీ చెప్పలేదు, సమాచారం ఇచ్చినందుకు ధన్యవాదాలన్నారు.”

ఆమె పరామర్శను ఆఫీసు ఫిర్యాదుగా తీసుకుందన్నమాట. నర్సు ఇంకో మాట కూడా ఒప్పుకుంది. మొదటి వేసవిలో లోహపు బ్యాట్ల మోతకు నిద్రపట్టక ఒకసారి ఫోన్ చేసింది తనే. ఆ తర్వాత ఎప్పుడూ చేయలేదు. మూగ ఆటలు మాత్రం చూసేదట, రాత్రి డ్యూటీ బడలిక తీరేదట.

ఇద్దరూ కలిసి ఆఫీసుకు వెళ్లారు. అప్పటికి నిషివాకికి బదిలీ అయింది. కొత్తగా వచ్చిన కనమోరి మొదటినుంచి కథంతా విన్నాడు. నియమం ఒకసారి వచ్చాక వెనక్కి తీసుకోవాలంటే నివాసుల సంఘం కోరాలన్నాడు. సంఘం దగ్గరకు వెళితే, ఆ నియమం మేం పెట్టమనలేదు, తీయమని మేమెలా అడుగుతామన్నారు. మళ్లీ కనమోరి దగ్గరకు వెళితే, మరి సంఘం కోరలేదు కదా అన్నాడు. నర్సుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఫుమియె ఆమె భుజం తట్టి, “అమ్మాయ్, నువ్వు కొత్తదానివి. నాకిది అలవాటే” అంది. అలవాటైనట్టు మాత్రం ఆమె గొంతు లేదు.

మేం నది ఒడ్డున ఒక రాళ్ల మైదానానికి మారాం. సైకిల్ మీద చాలా దూరం. సగంమంది మానేశారు. ఫుమియె భుజం మునుపటిలా తిరగదు. దూరం విసరలేక ఇప్పుడు మొదటి బేసు దగ్గర నిలబడుతోంది. ఉరుషిబారా డ్యూటీ లేని రోజుల్లో వస్తుంది, బంతి తనవైపు వస్తే కళ్లు మూసుకుంటుంది. ఫుమియె ఆమెను నది అవతలి ఒడ్డుకు వినబడేలా తిడుతుంది.

పేట మైదానం పొద్దున్నపూట ఖాళీగానే ఉంటోంది. ఫుమియె ఏటా ఆఫీసుకు వెళ్లి అడుగుతూనే ఉంది. ఈ ఏడు అక్కడ ఒక కుర్ర ఉద్యోగిని ఉంది. పాపం, నిజాయితీగానే వెతికి చూసి, ఆ నియమం ఎందుకు పెట్టారో ఇక్కడ ఎవరికీ తెలియదండీ, కానీ అమల్లో ఉంది అని చెప్పింది. ఫుమియె తిన్నగా నా షాపుకు వచ్చి కుర్చీలో కూర్చుంది. జుట్టు కత్తిరించమనలేదు. అద్దంలో తనను తాను చూసుకుంటూ కాసేపు ఉండి, “ఎవరిమీద కోప్పడాలో చెప్పరా, వాళ్లమీదే కోప్పడతాను” అంది. దుకాణం తెరిచే వేళయిందని లేచి వెళ్లిపోయింది.