గంగక్క చెట్లు, పగిడయ్య నేల

సోడె పగిడయ్యకు కోపం ముక్కు మీదనే ఉంటదని కొత్తగుంపు గూడెంల ఏ పసిపిల్లనడిగినా చెప్తది. పొద్దున లేస్తే ఎడ్లను తిట్టుడు, ఎడ్లయిపోతే మబ్బును తిట్టుడు, మబ్బు గూడ లేని రోజు పొయ్యి సరిగ్గ మండుతలేదని పెండ్లాం జోగమ్మను తిట్టుడు. జోగమ్మ ఊకుంటదా? "నీ నోటికి భయపడి దయ్యం గూడ ఈ గుంపు దిక్కు వస్తలేదు" అని ఒక్క మాటంటది, ఈయన గొణుక్కుంట చేనుకు పోతడు. అసొంటి మనిషి జీవితంల ఒక్క కాడ నోరు మూసుకున్నడు. ముప్పై ఏండ్లు మూసుకున్నడు. అది గంగక్క చెట్ల కాడ.

గంగక్క ఆయన తోడబుట్టిన అక్క, నాలుగేండ్లు పెద్దది. ఆమెను వాగవతల వర్రెగుంపుకు ఇచ్చిండ్రు. అత్తారింటికి పంపే పొద్దు తండ్రి ఆమెను చెయ్యి పట్టుకొని చేనుకు తోల్కపోయిండు. చేను పైముక్కల ఏడు ఇప్పచెట్లున్నయి. ఒక్కొక్క చెట్టు మొదలు ముట్టిపిచ్చి, "ఇవి నీవి బిడ్డా. నువ్వున్నన్ని దినాలు పువ్వు నీదే, కాయ నీదే. నీ తర్వాత నీ బిడ్డకు" అన్నడు. ఎనుక నిలబడ్డ పగిడయ్య దిక్కు తిరిగి, "నేల నీదిరా. దున్నుకో, ఇత్తుకో. చెట్ల మీద గొడ్డలి పెట్టినవంటే మాత్రం నువ్వు నా కొడుకువే కాదు" అన్నడు. పగిడయ్యకు అప్పుడు పదహారేండ్లు. తలకాయ ఊపిండు. గంతే. కాగితం లేదు, కలం లేదు. ఆ గుంపుల అట్లనే నడుస్తది. నేల ఒకరిది, దాని మీద ఇప్పచెట్టు ఇంకొకరిది, నడుమ లొల్లి లేదు. పరాయోళ్లెవరన్న వచ్చి పువ్వు ఏరుకుంటమంటే వద్దనరు. కాకపోతే ఏరినదాంట్ల సగం తెచ్చి చెట్టుగలోళ్ల అరుగు మీద పెట్టి పోవాలె. అది కట్టుబాటు.

ఏటా ఎండలు ముదిరి పువ్వు రాలే టయానికి గంగక్క గంపలు నెత్తిన పెట్టుకొని దిగుతది. ఇరవై దినాలు తమ్ముని ఇంట్లనే మకాం. తెల్లారంగ లేచి చెట్ల కింద రాలిన పువ్వు ఏరుడు, అరుగు మీద చాపలేసి ఆరబెట్టుడు, జోగమ్మతోని కూడి పగిడయ్య ముచ్చట్లు చెప్పుకొని పడిపడి నవ్వుడు. "తమ్మీ, నీ మూతి చూస్తే పువ్వు గూడ పుల్లబడ్తదిరా" అంటది. ఇంకొకరు ఆ మాటంటే పగిడయ్య ఊరు లేపేటోడు. అక్క అంటే మాత్రం మీసాల కింద నవ్వుకునేటోడు. ఆ ఇరవై దినాలు ఎడ్లకు గూడ పండగే.

ఆ చెట్లు ఉత్తగ నిలబడలే, పగిడయ్య కడుపు కొట్టి నిలబడ్డయి. పత్తి రోజులొచ్చినంక పక్క చేను సమ్మయ్య తన చెట్లన్ని కొట్టేసి నేల నున్నగ చేసుకున్నడు. నీడల పత్తి కాయదు కదా. గట్టు మీద నిలబడి, "ఏం బావా, నీది చేనా, కోతులకు కట్టిచ్చిన సత్రమా?" అని నవ్వేటోడు. పగిడయ్యకు ఒళ్లు మండేది. నిజమే మరి, ఏడు చెట్ల కింద అరెకరం పంట పాడు. ఇంటికొచ్చి ఎడ్లను రెండింతలు తిట్టేటోడు. కాని గొడ్డలి ముట్టలే. పువ్వు రాలే రోజులొస్తే ఆ సమ్మయ్య పెండ్లామే గంప పట్టుకొని వచ్చి, "గంగక్కా, రెండు చెట్లు మాకిడిసిపెట్టు" అని బతిమాలి ఏరుకొని, సగం తెచ్చి పగిడయ్య అరుగు మీద గంగక్క చాపల పోసి పోయేది.

అది పోడు భూమి. తండ్రి పొదలు నరికి, రాళ్లేరి చేసిన మూడున్నర ఎకరాలు. అది పగిడయ్యదని అందరికీ తెలుసు, ఒక్క సర్కారుకు తప్ప. ఫారెస్టోళ్లు వస్తే నాగలి దాచుడు, పోతే మళ్ల కట్టుడు, ఆయన బతుకంత గిదే. రెండువేల ఎనిమిదిల కబురొచ్చింది. కొత్త చట్టమట, అడవి భూమి దున్నుకునేటోళ్లకు పట్టాలిస్తరట. ఊర్ల కమిటీ వేసిండ్రు. రాతకోతలు గణేష్‌కు అప్పజెప్పిండ్రు. గుంపుల ఇంటర్ దాక చదివింది ఆయనొక్కడే. పగిడయ్య ఆ వారమంత ఎడ్లను తిట్టలే. జ్వరమొచ్చిందేమోనని జోగమ్మ నుదురు ముట్టి చూసింది.

మే నెల ఎండల సర్వేయర్ వచ్చిండు, చేతిల ఫోనంత మిషిన్ పట్టుకొని. చేను నాలుగు మూలలు తిరిగిండు. ఎనుక పగిడయ్య, ఆయన ఎనుక గణేష్. పైముక్క కాడికొచ్చేసరికి సర్వేయర్ నీడకు ఆగి, తలకాయెత్తి చూసిండు.

"ఈ చెట్లెవరివయ్యా?"

ఇంకొకడైతే "నావే సార్" అని ఊకుంటుండె. పగిడయ్య అబద్ధమెందుకాడుతడు? పైగా ముప్పై ఏండ్లు మాట నిలబెట్టుకున్నోడు, చెప్పుకునే మోక మళ్ల ఎప్పుడొస్తది?

"మా అక్కవి సార్, గంగక్కవి."

"అక్కెక్కడుంటది?"

"వర్రెగుంపుల. మా నాయిన ఇచ్చిండు. ఒక్క పువ్వు గూడ మేం ముట్టం సార్. ఏటా ఆమెనే వచ్చి ఏరుకపోతది."

"అంటే ఈ ముక్క మీద వచ్చేది ఆమె తీసుకుంటున్నది."

"చెట్టు మీద వచ్చేది ఆమెది. నేల నాది. దున్నేది నేనే."

సర్వేయర్ చెమట తుడుచుకొని చేతిల కాగితం దిక్కు చూసిండు. ఆ కాగితంల పేరు రాసెటందుకు ఒక్కటే గడి ఉన్నది. చెట్టుకొక గడి, నేలకొక గడి ఏ ఆఫీసోళ్లు అచ్చేపిస్తరు? రెండెకరాల పైముక్కకు గంగక్క పేరు రాసిండు, కింది ఎకరన్నరకు పగిడయ్య పేరు రాసిండు, వేలిముద్ర ఏపిచ్చుకున్నడు. ఎండకు తలకాయ తిరుగుతున్న గణేష్ చూడలే, చదువురాని పగిడయ్య అడగలే. సార్‌కు కుండల నీళ్లు తాపి, వాగు దాక సాగనంపి, సంబురంగ ఇంటికొచ్చిండు.

ఆగస్టుల బడి గోడకు లిస్టు అంటిచ్చిండ్రు. గణేష్ వేలు పెట్టి చదివిండు. "సోడె పగిడయ్య, ఎకరం ఇరవై గుంటలు."

"మిగిలిన రెండెకరాలు?"

గణేష్ గొంతు తగ్గిచ్చిండు. "అక్కడ గంగక్క పేరున్నది మామా. ఆమెది మన ఊరు కాదు, ఆమె దున్నిన ఆనవాలు లేదు. అందుకని కొట్టేసిండ్రు."

"కొట్టేసిండ్రంటే?"

"అడవిల కలిపిండ్రు."

కింద ఇంకో వరుసల సమ్మయ్య పేరున్నది, నాలుగెకరాలు. చెట్టన్నది లేకుండ నరికినోనికి గుంట తగ్గకుండ వచ్చింది. మాటకు కట్టుబడి చెట్టు కాచినోని భూమి అడవైంది. ఇదేం లెక్క? ఏ సారు దగ్గర చదివిండ్రు ఈ లెక్క? పగిడయ్య నోటికి వచ్చింది వచ్చినట్టు బడి గోడను తిట్టిండు. లిస్టును తిట్టిండు, మిషిన్‌ను తిట్టిండు. ఆఖరుకు నీళ్లు తాపిన తన చేతిని తానే తిట్టుకున్నడు.

ఇగ మొదలైంది తిరుగుడు. జూలూరుపాడు దాక నడక, అక్కడినుంచి బస్సు. ఈ ఆఫీసుకు పోతే ఆ ఆఫీసన్నరు, ఆ ఆఫీసుకు పోతే సారు మీటింగుల ఉన్నడన్నరు, సారు దొరికిన రోజు దరఖాస్తు మీద గణేష్ సంతకం లేదన్నరు. సంతకం పెట్టిచ్చుకపోతే సారు సెలవన్నరు. జోగమ్మ కట్టిచ్చిన సద్ది బస్టాండు బెంచీ మీద తిని, ఉత్త చేతులతోని ఒచ్చుడు. రెండు నెలలు చెప్పులరిగినయి. ప్రతిసారీ ఆయన చెప్పేది ఒక్కటే మాట. "చెట్లు ఆమెవి సార్, నేల నాది." ప్రతిసారీ ఎదుటోడు పిచ్చోణ్ని చూసినట్టు చూసేటోడు. ఆఖరుకు ఒక క్లర్కు జాలిపడి దారి చెప్పిండు. "గ్రామసభ పెట్టించుకో. ఆ స్థలంల నాకేం హక్కు లేదని మీ అక్క అందరి ముంగట వేలిముద్ర వెయ్యాలె. అప్పుడు నీ పేరు మీద మారుస్తరు."

ఆ మాట అక్కకు చెప్పెటందుకు పగిడయ్య మూడుసార్లు వాగు దాటిండు. రెండుసార్లు జావ తాగి, ఎడ్ల ముచ్చట చెప్పి తిరిగొచ్చిండు. మూడోసారి జోగమ్మ, "ఇయ్యాల గూడ చెప్పకుండ వస్తే బయటనే పండుకో" అని తోలింది. గంగక్క చేటల గింజలు చెరుగుతున్నది. తలదించుకొని చెప్పిండు. చెరుగుడు ఆగింది.

"నేల మీద నాకెప్పుడన్న ఆశున్నదారా?"

"లేదక్కా."

"మరి ఏం హక్కు లేదని ఏసేదేంది? లేనిదాన్ని లేదని గూడ ముద్రెయ్యాల్నా?"

"వాళ్లకు గట్లనే కావాల్నట."

"సరే తియ్యి. నీ రెండెకరాలు నా ముద్రతోని వస్తయంటే ఎయ్యనా?" అన్నది. పగిడయ్యకు పానం లేచొచ్చింది. వాగు దాటుకుంట ఎవ్వరినీ తిట్టలే.

అక్టోబరుల సభ పెట్టిండ్రు, బడి వరండల. ఆఫీసు నుంచి ఒక సారొచ్చి కుర్చీల కూసున్నడు. గణేష్ కాగితం చదివిండు. "సదరు భూమిలోగాని, అందులోని చెట్లలోగాని, వాటి ఫలసాయంలోగాని నాకు గాని నా వారసులకు గాని ఎటువంటి హక్కు లేదు, ఇకముందు ఉండదు." గంగక్కకు సగం అర్థమైంది. అర్థమైన సగం చాలు.

"చెట్లెందుకొచ్చినయి దీంట్ల?" అన్నది.

సారు చెప్పిండు. "చెట్లు నీవంటే నేల ఆయనది కాదమ్మా."

"ఎట్ల కాదు? నేల నా తమ్మునిది. నేనెన్నడు గింజేసిన్నా? చెట్లు నావి. గట్లనే రాయి అయ్యా."

"గట్ల రాసే ఫారం లేదు."

"లేకుంటే చెయ్యి. మా నాయిన ముట్టిపిచ్చి ఇచ్చిండు. నా తర్వాత నా బిడ్డకని చెప్పిండు. వీణ్నడుగు, అప్పుడు ఎనుకనే నిలబడ్డడు."

జనమంత పగిడయ్య దిక్కు చూసిండ్రు. సమ్మయ్య పండ్లికిలిస్తున్నడు. సారు గడియారం చూసుకొని కాగితాలు సదురుకుంటున్నడు. ఇప్పుడు లేచి పోతే మళ్ల బస్సులు, మళ్ల బెంచీలు, మళ్ల రేపు రా మాపు రా. ముప్పై ఏండ్లు ఆ చెట్ల కాడ మూసిన నోరు అప్పుడే తెరుచుకున్నది.

"ఎయ్యి అక్కా, ఏంది లొల్లి! నీ ఏడు చెట్లు నా నెత్తి మీద కూసున్నయి! వాటితోనే ఇంత కతొచ్చింది!"

గంగక్క తమ్మున్ని ఒకసారి చూసింది. నడిచొచ్చి, గణేష్ చేతిల సిరాడబ్బల బొటనవేలు ఒత్తి, కాగితం మీద పెట్టింది. కొంగుకు తుడుచుకొని వాగు దిక్కు పోయింది. అన్నం తిని పోదువు ఆగమని జోగమ్మ ఎనుకనుంచి పిలుస్తనే ఉన్నది.

జనవరిల పట్టా వచ్చింది, మూడెకరాల ఇరవై గుంటలు. పగిడయ్య దాన్ని పాలితిన్ కవర్ల చుట్టి దూలానికి కట్టిండు. అక్క కోపం ఎన్ని దినాలుంటది, పువ్వు రాలితే అదే పోతది అనుకున్నడు. జోగమ్మతోని చాపలు దులిపిచ్చిండు. తానే పోయి ఏడు చెట్ల కింద ఆకులు ఊడ్చిండు.

పువ్వు రాలింది. అక్క రాలే. ఒక్కరోజు, రెండు రోజులు, నాలుగు రోజులు చూసిండు. అయిదో పొద్దు చేనుకు పోయేసరికి గట్టు అవతల అక్క నిలబడి ఉన్నది, చంకల గంపతోని. వర్రెగుంపు నుంచి పొద్దుగాలనే నడిచొచ్చినట్టున్నది. కాళ్లకు వాగు తడి ఆరలే.

"ఏరుకోవచ్చునా?" అనడిగింది.

"ఇదేం మాటక్కా! ఎవరినడుగుతున్నవు?"

ఆమె లోపలికొచ్చి ఒంగి ఏరుడు మొదలువెట్టింది. పగిడయ్య పక్కపక్కనే తిరిగిండు. ఎడ్ల ముచ్చట చెప్పిండు, సమ్మయ్యను తిట్టిండు, నవ్విద్దామని తనను తానే తిట్టుకున్నడు. ఆమె నవ్వలే. పొద్దెక్కినంక గంప ఎత్తుకొని ఇంటి దిక్కు నడిచింది. వచ్చింది గదా, ఇయ్యాల మనింట్లనే ఉంటది అని పగిడయ్య ముంగట ఉరికి చాప పరిచిండు.

గంగక్క అరుగు కాడ గంప దించింది. దోసిళ్లతోని లెక్కవెట్టి చాప మీద పోసింది, తమ్మునికొక దోసెడు, తనకొక దోసెడు. సగం అరుగు మీద, సగం గంపల. గంప నెత్తికెత్తుకున్నది.

"ఇదేందక్కా?" పగిడయ్య అడ్డం వచ్చిండు.

"పరాయి చెట్టు కింద ఏరినోళ్లు సగం పెట్టి పోవాలె. తెల్వదారా నీకు?"

కోపంగ గూడ అనలే. పొద్దుగూకితే వాగు దాటుడు కష్టమన్నట్టు, మామూలుగ అని పోయింది. పగిడయ్య "అక్కా, ఎత్తుకపో! ఎత్తుకపోవే!" అని తొవ్వ దాక ఉరికిండు. ఆమె తిరిగి చూడలే.

జోగమ్మ ఆ పువ్వును ముట్టలే, పగిడయ్య ముట్టలే. మూడు రోజులకు అరుగంత పుల్లటి వాసనొచ్చింది.