అన్న వదిలేసిన చీమల లెక్క

మా అన్న ఎం.టెక్. చదివేటప్పుడు చీమల మీద పడ్డాడు. గోదావరిఖనిలో మా క్వార్టరు వాకిట్లో బెల్లం ముక్క పెట్టి, గొంతుక్కూర్చుని గంటలకొద్దీ చూసేవాడు. బాపు గనిలో మొదటి షిఫ్టు ముగించుకుని వచ్చి, "ఏందిరా, గిదేనా నీ సదువు?" అని నవ్వేవాడు.

"గిదే బాపూ. చీమ నడిచినకాడ వాసన వదులుతది. దగ్గరి దారిల పోయిన చీమలు జల్ది తిరిగొస్తయి, అండ్ల వాసన ఎక్కువైతది. ఎనుకొచ్చేటియి గటే పోతయి. దూరపు దారిల వాసన ఆరిపోతది. కంప్యూటర్ల గిసొంటి చీమలను పుట్టిచ్చి, మీ షిఫ్టు బస్సులు ఎట్ల తిరిగితే నయమో చూస్త."

"అయితే ముందుగాల మా బస్సు సంగతి చూడు. ఊరంత తిప్పుతున్నడు."

ఆ ఎండాకాలమే గనిలో కప్పు కూలి బాపు చనిపోయాడు. ఆయన ఉద్యోగం కొడుక్కి ఇస్తామన్నారు. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. కాలేజీ సారు ఫోన్ చేసి ప్రాజెక్టు పూర్తిచేసి వెళ్లమన్నాడు. "ఇల్లు గడవాలె గద సార్," అని అన్న ఫోన్ పెట్టేశాడు. అతను గని బూట్లు తొడుక్కుని డ్యూటీకి బయల్దేరిన మొదటిరోజు అమ్మ వాకిట్లో నిలబడలేక వంటింట్లోకి వెళ్లిపోయింది.

అన్న జీతంతోనే నేను చదివాను. ఎం.టెక్.లో నేనూ ఆ చీమల పద్ధతినే తీసుకున్నాను. సంతోషిస్తాడనుకున్నాను. "మంచిది చెల్లె," అని మాత్రం అన్నాడు.

తెలంగాణ వచ్చిన ఏడాది కరీంనగర్‌లో నా వైవా జరిగింది. అన్న సెలవు పెట్టి వచ్చి చివరి బెంచీలో కూర్చున్నాడు. గని పనితో ముప్పై ఏళ్లకే తల సగం నెరిసింది, మనిషి చిక్కిపోయాడు. ప్రశ్నలడిగిన లెక్చరర్ నన్ను మెచ్చుకుని, అన్నవైపు తిరిగి, "మీరు అమ్మాయి ఫాదరా?" అన్నాడు.

"అన్నను సార్."

తిరుగు ప్రయాణంలో బస్సెక్కాక చెప్పాడు, ఆ లెక్చరర్ తన క్లాస్‌మేటని, ల్యాబులో పక్క కంప్యూటర్ మీదే పనిచేసేవాడని.

"మరి చెప్పకపోతివేందే అన్నా?"

"ఏమని చెప్పాలె?"

టికెట్లు జేబులో పెట్టుకుని తనే అడిగాడు. "వాసన ఎంత జల్ది ఆరిపోవాలెనో ఎట్ల లెక్కగట్టినవ్?"

వివరంగా చెప్పాను. కదలకుండా విన్నాడు. ఆఖర్న, "సగమే సమజైంది చెల్లె," అన్నాడు.

పెద్దపల్లి దాటేదాకా నేను కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను.