నరసమ్మ బుగ్గలో తెల్లచార

కొల్లేటి లంకలో వెంకటనరసమ్మ అంటే ముందు వల గుర్తుకొస్తుంది, ఆ తర్వాతే మనిషి. చుట్టుపక్కల ఎవరి వల చిరిగినా ఆమె గడప తొక్కాల్సిందే. యాభై దాటిన మనిషి, పొద్దున్నే గట్టుమీద గోనెపట్టా పరుచుకుని కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేవదు. ఎవరితోనూ మాట్లాడదు. పొగరనుకునేరు, నోట్లో దారం ఉంటుంది మరి.

నిజానికి వల బాగుచెయ్యడం ఇద్దరి పని. ఒకరు దారం బిగించి పట్టుకుంటే ఇంకొకరు ముడి వేస్తారు. పెళ్ళయిన కొత్తలో ఆ పట్టుకునేవాడు మొగుడు వీర్రాజే. తర్వాత అతను చేపల చెరువు మీద రాత్రి కాపలాకి కుదిరాడు. తెల్లారి వచ్చి పడుకుంటాడు, లేచి టీకొట్టు దగ్గర తేలతాడు. అవతలి మనిషి లేక నరసమ్మ ఎడమవైపు పళ్ళతో దారం బిగించడం మొదలుపెట్టింది. పళ్ళయితే టీకొట్టుకి పోవు.

ఒక మధ్యాహ్నం జెల్లచేపల పులుసు తింటుంటే నోట్లో ముల్లు గుచ్చుకుంది. అద్దం ముందు నిలబడి సెల్‌ఫోను లైటు వేసుకుని వెతికింది. ముల్లు దొరకలేదు. ఎడమ బుగ్గ లోపల తెల్లటి చార కనిపించింది, దాని చుట్టూ ఎర్రగా కందిన మచ్చలు.

ఆమె మేనత్త అడ్డచుట్ట కాల్చేది, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. ఆవిడకీ అంగిట్లో ఇలాంటి తెల్లమచ్చతోనే మొదలైంది. చివరికి గంజి కూడా దిగలేదు. క్యాన్సరన్న మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు, ఆ జబ్బు అనేవాళ్ళు. నరసమ్మ చుట్ట ముట్టలేదు, పొగాకు నమల్లేదు. అయినా భయానికి అవన్నీ ఎందుకు? వచ్చి కూర్చుంది.

ఎవరికీ చెప్పలేదు. తనకు తెలిసిన వైద్యం తను చేసుకుంది. బిందెలో పటిక తిప్పితే కొల్లేటి నీళ్ళలో బురదంతా అడుక్కి దిగిపోతుంది కదా, నోట్లో మచ్చ మాత్రం దిగదా అనుకుంది. పటికముక్క బుగ్గన పెట్టుకుని కూర్చునేది. దాంతో బుగ్గ ముడుచుకుపోయి చార మరింత తెల్లబడింది. ముదిరిపోతోందనుకుంది.

ఆ రోజుల్లో కొల్లేరు ఆమెకి కొత్తగా కనబడింది. మంచులోంచి గూడబాతులు చప్పుడు లేకుండా వచ్చి నీళ్ళమీద వాలేవి. రోజూ తిట్టుకునే గుర్రపుడెక్క మీద ఊదాపూలు ఇంత బాగుంటాయని ఎప్పుడూ అనుకోలేదు. మధ్యాహ్నం కునుకు తీస్తే ఒకటే కల. తను దోనెలో పడుకుని ఉంటుంది. నోరు తెరిస్తే చిన్నచిన్న చేపపిల్లలు ఒక్కొక్కటే బయటికి వచ్చి నీళ్ళలోకి జారుతుంటాయి. దోనె అవతలి కొసన మేనత్త కూర్చుని, నెమ్మదిగా రానీవే, తొందరేముంది అంటుంటుంది. మెలకువ వచ్చాక కూడా ఇల్లు కొంచెం ఊగుతున్నట్టే ఉండేది. ఆ ఊపులోనే వంట, ఆ ఊపులోనే వల. ఒక్కోసారి భయం పోయి హాయిగా ఉండేది. చచ్చిపోయేముందు ఇలాగే ఉంటుంది కాబోలనుకుని మళ్ళీ భయపడేది.

పులుసులో ఉప్పు లేకపోయినా వీర్రాజు సర్దుకున్నాడు. పెళ్ళాం తిట్టకపోవడమే అతనికి మింగుడుపడలేదు.

"ఏంటే నరసా, ఈమధ్య నన్నొక్క మాటా అనట్లేదు? ఒంట్లో బాగుందా?"

ఆమె లేచింది. వెలుగులోకి తిరిగి నోరు తెరిచి చూపించింది. వీర్రాజు మొహంలో నెత్తురుచుక్క లేదు.

"రేపు పొద్దున్నే ఏలూరు పోదాం."

"వెళ్ళి ఏం వినాలండీ?"

"ఏదైతే అది ఇద్దరం విందాం."

ఏలూరులో పళ్ళ డాక్టరు ఇందుజ చిన్నపిల్లే, కానీ తొందరపడే రకం కాదు. చుట్ట, గుట్కా, కిళ్ళీ, అన్నీ అడిగింది. అన్నిటికీ నరసమ్మ అడ్డంగా తలూపింది.

"మరి బుగ్గన ఏమన్నా పెట్టుకుంటున్నారాండీ?"

"పటికమ్మా. నీళ్ళు తేరతాయి గదా, ఇదీ తేరుతుందేమోనని."

డాక్టరు నవ్వలేదు. "ఏం పని చేస్తారండీ?" అంది.

నరసమ్మ మాటల్లో చెప్పలేక చేసి చూపించింది. లేని దారాన్ని పళ్ళతో బిగించి, మెడ పక్కకి లాగి, గాలిలో ముడి వేసింది. గోడవారగా నిలబడ్డ వీర్రాజు ఆ మెడ వంపునే చూస్తూ ఉండిపోయాడు. డాక్టరు మళ్ళీ లైటు వేసి చూసింది. పళ్ళ అంచున దారం కోసిన గాడి ఉంది, దానికి సరిగ్గా ఎదురుగా చార.

"రాపిడి వల్ల వచ్చినట్టుందండీ. కానీ చూసినంత మాత్రాన తేల్చి చెప్పకూడదు. రెండు వారాలు దారం, పటిక రెండూ నోట్లో పెట్టకండి. తగ్గకపోతే చిన్నముక్క తీసి పరీక్షకి పంపిద్దాం. తగ్గినా సరే, వచ్చి చూపించాలి."

ఆ రెండు వారాలూ వీర్రాజు కాపలా నుంచి వచ్చి సరాసరి గట్టుమీదే కూర్చున్నాడు. దారం వేలికి చుట్టుకుని ఎదురుగా కూర్చునేవాడు, తూగేవాడు. దారం వదులైతే నరసమ్మ ఒక్క లాగు లాగేది, ఉలిక్కిపడి లేచేవాడు. నోరు ఖాళీ అయ్యేసరికి ఆమెకి మాటలొచ్చాయి. ఎన్నేళ్ళనాటివో, అతనికి ఎప్పుడూ చెప్పనివి. పొద్దు పొడుగునా ఆ మాటలు సాగుతుండేవి, కిక్కిసగడ్డి ఊగుతుండేది. నరసమ్మ అద్దం చూసుకోలేదు. మచ్చ పోతే ఇతను మళ్ళీ టీకొట్టుకి పోతాడు కదా అనిపించింది ఒకసారి. ఛీ, ఏం బుద్ధే నీది అని తనని తానే కసురుకుంది.

రెండోసారి ఇందుజ చాలాసేపు చూసింది. నరసమ్మ కళ్ళు మూసుకుంది.

"పోయిందండీ. శుభ్రంగా ఉంది. ఇక దారం మాత్రం పళ్ళకివ్వకండి."

తిరుగుబస్సులో కిటికీ పక్కన కూర్చున్న నరసమ్మ చెరువుగట్లనే చూస్తోంది.

"సంతోషంగా లేదా ఏంటే?" అన్నాడు వీర్రాజు.

"ఉందండీ. రేపట్నించి మీరు టీకొట్టుకి పోతారు గదా, అదే అనుకుంటున్నాను."

వీర్రాజు ఆమెవైపు జరిగాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు.

"డాక్టరమ్మకి చేసి చూపించావు చూడు, అప్పుడు తెలిసిందే నాకు. అది నేనుండాల్సిన చోటు. ఎప్పుడొదిలేశానో కూడా గుర్తులేదు. రేపూ గట్టుమీదకే వస్తా, తూగితే లేపు. లేవకపోతే మొహాన నీళ్ళు కొట్టు."

మచ్చ చూసినప్పటి నుంచి ఒక్క కన్నీటిచుక్క రాల్చని మనిషి, కొంగు నోటికడ్డం పెట్టుకుని బావురుమంది. బస్సంతా తిరిగి చూసింది. కండక్టరు కంగారుగా వచ్చాడు.

"ఏమైందండీ? ఒంట్లో బాగోలేదా ఆవిడకి?"

"బానే ఉందన్నారండీ," అన్నాడు వీర్రాజు కళ్ళు తుడుచుకుంటూ. "అందుకని."