అత్తయ్య కడిగిన రీలు

మొన్న మా మనవరాలు అటక మీంచి దింపించిన పాత కెమెరాని అటూ ఇటూ తిప్పి చూసి, "తాతయ్యా, దీనికి స్క్రీన్ ఎక్కడుంది?" అంది. ఇప్పుడు రీలు కెమెరాలకి మళ్ళీ మంచి రోజులొచ్చాయట. దాని స్నేహితురాళ్ళు వాటిని మెడలో వేసుకుని తిరుగుతున్నారట, రీళ్ళు ఎక్కడెక్కడినుంచో తెప్పించుకుంటున్నారట, తీసిన ఫొటో ఎలా వచ్చిందో వారం దాకా తెలియకపోవడమే అందులో అందమట. మా కాలంలో ఆ అందాన్ని ఎదురుచూపులనేవాళ్ళం, అది ఫ్యాషనని మాకెవరూ చెప్పలేదు. మూత తెరిచి పైనుంచి లోపలికి చూడమన్నాను. గరుకు గాజు మీద మా వరండా, వాలుకుర్చీ, ఎండలో ఆరేసిన కండువా మసక వెలుగులో వణుకుతూ కనిపించేసరికి "అబ్బ!" అని ఊరుకుంది. ఆ "అబ్బ" వినగానే నాకు ఎక్కడినుంచో కుంకుడుకాయల వాసన వచ్చింది. ఆ మాటే పైకి అంటే, కెమెరాకీ కుంకుడుకాయకీ ఏం సంబంధం తాతయ్యా అంది. దానికి చెప్పాను గనక మీకూ చెబుతాను.

డెబ్బైల చివర నేను రాజమండ్రిలో డిగ్రీ చదివేవాణ్ణి. అంటే, పుస్తకాల కంటే గోదావరి గట్టునే ఎక్కువ చదివేవాణ్ణి. నాన్నగారి స్నేహితుడొకాయన బదిలీ మీద ఊరు వదిలి వెళ్తూ ఈ కెమెరా నా చేతిలో పెట్టారు. దానికి ముందువైపు రెండు కళ్ళు, ఒకదానిపైన ఒకటి. పైది మనకి చూపించేది, కిందిది తను చూసేది. పొట్టకి ఆనించుకుని, తల వంచి చూడాలి. ఎంత పొగరుబోతైనా ఎదుటివాళ్ళ ముందు తల వంచితేగాని ఫొటో రాదన్నమాట. ఇంకో చిత్రం, ఆ గాజులో కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. గట్టు మీద నిలబడి చూస్తే గోదావరి సముద్రం మీద అలిగి, కొండలకేసి పుట్టింటికి వెళ్ళిపోతున్నట్టుండేది. ఆ అలక తీరుతుందేమో చూద్దామని నేను క్లాసులెగ్గొట్టేవాణ్ణి. రీలుకి పన్నెండు బొమ్మలు. మొదటి రెండు రీళ్ళలో మా బంధువులందరి మొండేలూ బహు చక్కగా వచ్చాయి. "మా మేనల్లుడు ఫొటోలు తీస్తాడంటే ఏమో అనుకున్నానండి, తలలు తీస్తాడు" అని మా మేనత్త భర్త, పెద్దాపురంలో తన బట్టల కొట్టుకొచ్చిన వాళ్ళందరికీ చీరలతోపాటు నా కీర్తి కూడా చూపించేవారు.

ఆ ఊళ్ళో మా అత్తయ్య జడ పేరున్న జడ. మోకాళ్ళు దాటి కిందికి వచ్చేది. మరిడమ్మ జాతరలో ఆవిడ జనంలో కలిసిపోతే, మావయ్య ఆనవాళ్ళేమీ చెప్పకుండా "జడ ఎటు వెళ్ళిందండీ?" అని అడిగితే చాలు, వేలు పెట్టి చూపించేవాళ్ళు. ఒక ఏడాది మావయ్యకి కామెర్లు ముదిరి, ఆస్పత్రి వాళ్ళు కూడా మాటలు తగ్గించేసినప్పుడు, ఆయన లేచి కూర్చుంటే తలనీలాలిస్తానని అత్తయ్య అన్నవరం సత్యనారాయణస్వామికి మొక్కుకుంది. ఆయన లేచి కూర్చున్నారు. కూర్చుని ముందుగా చేసిన పని మొక్కు తగ్గించబోవడం.

"మూడు కత్తెరలిస్తే స్వామి వద్దంటాడటే?"

"కొట్లో ఆడే బేరాలు చాలండి. కొండ మీద కూడానా?" అంది అత్తయ్య. ఇంక ఆ మాట మళ్ళీ ఎత్తలేదు ఆయన.

ప్రయాణానికి ముందురోజు నేను కెమెరా తగిలించుకుని పెద్దాపురంలో దిగాను. అత్తయ్య నన్ను పెరట్లోకి పిలిచి, చుట్టూ చూసి, చిన్నపిల్లలా గొంతు తగ్గించింది.

"ఒరేయ్ అల్లుడూ, ఒక్క ఫొటో తియ్యరా. మొహం అక్కర్లేదు. వెనకనుంచి."

"తల రాకపోయినా ఫర్వాలేదు కదా అత్తయ్యా?"

"తల రావాలిరా వెధవా! జుట్టు మొలిచింది దాని మీదే." నవ్వి, మళ్ళీ అంది. "ఊరంతా చూసింది. నేనే చూడలేదు. రెండద్దాలు పెట్టుకున్నా మెడ దాకానే కనబడుతుంది. ఇచ్చేసేముందు అదెలా ఉందో నాకూ తెలియాలి కదా."

రీలులో పదకొండు బొమ్మలు అప్పటికే గోదావరి పాలు చేశాను. మిగిలింది ఒకటే. ఆ మాట చెబితే, "ఒకటి చాల్లే, ఉన్నది ఒక్క జుట్టే కదా" అంది.

కుంకుడుకాయల రసంతో తలంటుకుని, నిప్పుల మీద సాంబ్రాణి వేసి బుట్ట బోర్లించి, దానిమీద జుట్టు పరుచుకుని చాలాసేపు కూర్చుంది. అప్పుడు లేచి పెరటి గోడకేసి తిరిగి నిలబడింది. నేను తల వంచి చూశాను. గాజులో పొగ, పొగలో ఎండ, ఎండలో నల్లగా దిగుతున్న ఆ జుట్టు. పొగ కదులుతోందో జుట్టు కదులుతోందో తెలియలేదు. ఒక కాకి గోడ మీద వాలి, అది కూడా అరవడం మరిచిపోయింది. ఎంతసేపలా చూశానో. "తీశావా? మెడ పట్టేస్తోందిరా" అంటే ఉలిక్కిపడి నొక్కాను.

రీలు బయటికి తీసి, కాగితం చుట్టి, పౌడరు డబ్బాలో పెడుతూ పెద్ద విద్వాంసుడిలా చెప్పాను. "ఇప్పుడేం కనబడదు అత్తయ్యా. సోమవారం రాజమండ్రి స్టూడియోలో కడిగిస్తాను. కడిగితేనే బొమ్మ వస్తుంది."

"కడిగేది మగవాళ్ళేనా?"

"మరింకెవరు?"

ఆవిడ డబ్బా వైపు ఒకసారి చూసింది. ఆ చూపు నా బుర్రకి ఎక్కలేదు. మర్నాడు ఇద్దరూ అన్నవరం వెళ్ళి, చీకటి పడేసరికి తిరిగొచ్చారు. గంధం పూసిన నున్నటి తలతో అత్తయ్య పీట మీద కూర్చుని అందరికీ ప్రసాదం పంచింది. మావయ్య ఆవిడ వైపు చూడలేక, ఆ పూటంతా ప్రసాదం ఆకు వైపే చూశారు.

సోమవారం పొద్దున్న బస్సుకి బయల్దేరుతూ డబ్బా తెరిస్తే ఖాళీ. పెరట్లోకి వెళ్ళాను. దండెం మీద అత్తయ్య చీర, మావయ్య పంచె, రెంటి మధ్యా పొడుగాటి బూడిదరంగు పట్టీ ఎండలో మెల్లగా ఊగుతోంది. కింద ఇత్తడి బేసిన్, అందులో లేత నీలం నీళ్ళు. పక్కన అత్తయ్య, చెంగు తల మీద కప్పుకుని.

"నేనే కడిగేశానురా. విరబోసుకున్న జుట్టు ఎవరెవరో కడుగుతారంటే మనసొప్పలేదు. సబ్బు పెట్టలేదు, మిగిలిన కుంకుడు రసంతోనే, నా తల కడిగినంత మెత్తగా కడిగాను. ఇంకా బొమ్మ పడలేదేంటి? ఎండ చాల్లేదా?" బేసిన్ వైపు చూపించింది. "నీలం దిగిపోయింది. బొమ్మ అందులో పోయిందేమోనని పారబొయ్యలేదు. పనికొస్తుందేమో చూడు."

అబద్ధమాడదామనుకున్నాను. కానీ ఆవిడ నా మొహం కడిగిన రీలు కంటే తేలిగ్గా చదవగలదు. వెలుగు తగిలితే పోతుందని చెప్పాను. కడగడమంటే నీళ్ళతో కాదు, చీకటిగదిలో మందులతోనని, అలా చెప్పకపోవడం నాదే తప్పని చెప్పాను. అత్తయ్య చెయ్యి వీపు మీదికి పోయింది, జడ ముందుకి వేసుకోబోతున్నట్టు. అక్కడ ఏమీ తగలక కాసేపు అలాగే ఆగిపోయింది. గుమ్మంలోంచి అంతా విన్న మావయ్య వచ్చి, బేసిన్ రెండుచేతులా ఎత్తి, చుక్క తొణకకుండా తీసుకెళ్ళి మల్లెపాదులో పోశారు.

"ఒరేయ్," అంది అత్తయ్య చివరికి. "నువ్వు చూశావు కదా, ఆ గాజులో. ఎలా ఉంది?"

"బావుంది అత్తయ్యా."

"బావుందంటే నాకేం కనబడుతుందిరా? సరిగ్గా చెప్పు."

ఆ రోజు బస్సు తప్పిపోయింది. మోకాళ్ళ కింద ఎంత దాకా వచ్చిందో, పొగ ఎటునుంచి ఎటు పోయిందో, ఎండ ఎక్కడ పడి మెరిసిందో నాకొచ్చిన మాటల్లో చెప్పాను. తలలు తీసే నాకు ఎదుటివాళ్ళని తలనుంచి మడమ దాకా చూడడం అప్పుడే వచ్చింది. తరవాత ఎప్పుడు పెద్దాపురం వెళ్ళినా, కాఫీ ఇచ్చి, "ఏదీ, చెప్పు" అనేది. నేను మళ్ళీ చెప్పేవాణ్ణి. రెండో ఏడు నా మాటల్లో జుట్టు ఒక బెత్తెడు పెరిగింది, అయిదో ఏడు మడమలు తాకింది. ఆవిడ తల మీద మళ్ళీ వచ్చిన జుట్టు మాత్రం చిన్న ముడికే సరిపోయి, నెమ్మదిగా నెరవడం మొదలుపెట్టింది.

ఎనభైల చివర ఒకసారి ఎప్పటిలాగే చెబుతున్నాను. మావయ్య పేపరు అడ్డం పెట్టుకుని వింటున్నారు. సగంలో అత్తయ్య ఆపేసింది.

"చివర్న కుడివైపుకి చిన్న ఒంపు తిరిగింది కదరా. అదెప్పుడూ వదిలేస్తావు నువ్వు."

ఒంపు సంగతి నేనెప్పుడూ చెప్పలేదు. చూసిన గుర్తు కూడా లేదు. కానీ ఆవిడ అలా కళ్ళు మూసుకుని అన్నాక నాకూ కనిపించింది, ఇప్పటికీ కనిపిస్తోంది. కాలానికి తొందరేముంది, అత్తయ్య కడిగిన బొమ్మ ఆరడానికి పదేళ్ళు తీసుకుంది.