ఆళ్లగడ్డ దారిలో ఓటేసి పోసిన ఇంజిన్ ఆయిల్

మీ మోటార్‌సైకిల్లో ఏ ఇంజిన్ ఆయిల్ పోస్తున్నారు? పోస్తే పోశారు, అదే ఎందుకు పోస్తున్నారో కారణం చెప్పగలరా? మెకానిక్ చెప్పాడనా, పక్కింటాయన పోశాడనా, డబ్బా తళతళా మెరిసిందనా? కారణం లేని పనిని మూఢనమ్మకం అంటారని ముప్పై ఏళ్లుగా వేదికలెక్కి చెబుతున్నాను. మొన్న శుక్రవారం నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు గంటలో చేరాల్సినవాణ్ణి మూడు గంటలు పట్టి చేరాను. రేపు పాత బండి మీద ఆ దారిన పోయేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ప్రయాణానికి కారణం పెళ్లి. నా స్నేహితుడి కూతురు సుభాషిణి, ఆమె చేసుకోబోయే ప్రసాదు మంత్రాలు లేకుండా, పురోహితుడు లేకుండా, నలుగురి ముందు ప్రమాణం చేసి ఒకటి కావాలనుకున్నారు. ప్రమాణం చేయించేది నేను. మా హేతువాద సంఘానికి ఒక ఆనవాయితీ ఉంది. మేం చేయించే ప్రతి పెళ్లినీ పట్టుబట్టి రాహుకాలంలోనే పెడతాం. రాహువు వచ్చి ఏం పీకుతాడో చూద్దామని. శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు. సుభాషిణి మేనమామ మద్దిలేటి దీనికి చాలారోజులు ఒప్పుకోలేదు. చివరికి ఒక షరతు పెట్టాడు. రాహుకాలం దాటేలోపు మీ పెద్దాయన వచ్చి చేయిస్తే సరే, దాటిందంటే మంచి గడియ మొదలైనట్టు, అప్పుడు మా స్వామి మంత్రాలతో చేయిస్తాడు, ఎవరూ నోరెత్తకూడదు అన్నాడు. పిల్లలిద్దరూ నా మీద నమ్మకంతో సరేనన్నారు.

గురువారం సాయంత్రం బండికి ఆయిల్ మార్పించడానికి నంద్యాల బస్టాండు దగ్గరి స్పేర్ పార్టుల దుకాణానికి పోయాం. పోయాం అంటే సంఘం మొత్తం, అంటే నలుగురం. బండి నాదే. నా పెళ్లయిన కొత్తలో కొన్న నాలుగు స్ట్రోకుల వంద సీసీ బండి. దుకాణదారు దాన్ని చూసి, పాత ఇంజిన్ గదా సార్, ట్వెంటీ డబ్ల్యూ ఫార్టీ బైక్ ఆయిల్ పోసుకోండి, అందరూ అదే పోస్తారు అన్నాడు.

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. అందరూ చేస్తే నిజమైపోతుందా అని నలుగురం ఒకేసారి అందుకున్నాం. ఒకప్పుడు భూమి బల్లపరుపుగా ఉందని కూడా అందరూ అన్నారని నేను గుర్తుచేశాను. రిటైర్డ్ లైన్‌మన్ శేషయ్య, రేపటి ప్రయాణంలో నా వెనక కూర్చోబోయేవాడు, అరలో అన్నిటికంటే ఖరీదైన ఫుల్ సింథటిక్ డబ్బా దించి పైకెత్తాడు. దాని మీద ఎర్ర కారు బొమ్మ ఉంది. నాలుగు చక్రాల బండికి పనికొచ్చేది రెండు చక్రాల బండికి పనికిరాదా అని అడిగాడు. దుకాణదారు అవతల నిలబడ్డ ఇద్దరు గిరాకీల వైపు తిరిగాడు. సంఘం పద్ధతి ప్రకారం తీర్మానం ఓటుకు పెట్టాం. మూడు ఓట్లు అనుకూలం. వ్యతిరేకంగా ఓటేసినవాడు తెలుగు లెక్చరర్, అదీ ఇంటికి పోయే తొందరలో. మీ ఇష్టం సార్ అని దుకాణదారు పాత ఆయిల్ దించి మా తీర్మానాన్ని ఇంజిన్లో పోశాడు.

శుక్రవారం ఉదయం ఎనిమిదీ ముప్పావుకు బయలుదేరాం. నా ముందు పెట్రోలు ట్యాంకు మీద చిన్న మైకు సెట్టు, శేషయ్య ఒళ్లో రెండు పూలదండల బుట్ట. బస్సుకు పోయి ఉండవచ్చు, గంటకు మించి పట్టదు. అయితే కొత్త ఆయిల్ పనితనం చూడాలని శేషయ్య పట్టుపట్టాడు. అయ్యలూరు మెట్ట దగ్గర టీ తాగాం, అల్లం బాగా దంచి వేస్తారు. అక్కడిదాకా బండి వెన్నలో నడిచినట్టు నడిచింది. "సైన్సన్నా, సైన్సు" అన్నాడు శేషయ్య నా చెవిలో.

ఇంజిన్ వేడెక్కేకొద్దీ సైన్సు సన్నగిల్లింది. శిరివెళ్ల ఇంకా రాకముందే చిన్న ఎత్తు ఎక్కడానికి ఎక్సిలేటర్ తిప్పితే ఇంజిన్ గావుకేక పెట్టింది, చక్రం మాత్రం తన తీరికలో తాను తిరిగింది. ఇంకా తిప్పాను. కేక పెరిగింది, వేగం తగ్గింది. గడ్డి మోపులేసుకుని ఊగుతూ వస్తున్న ట్రాక్టరు మమ్మల్ని దాటింది. డ్రైవరు పక్కకు వంగి చూసి అన్నాడు:

"ఏందన్నా, శబ్దం కడపకు పోయింది, బండి ఈడే ఉండాది."

శిరివెళ్ల దాటాక ఒక బస్ షెల్టరు ముందు బండి పూర్తిగా మొండికేసింది. పది దాటింది. శేషయ్య బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు, నేను దాన్ని పరిశీలన అని పిలిచాను. డబ్బాలో కొంచెం ఆయిల్ మిగిలింది, అది కూడా పోస్తే బలం వస్తుందని అతని ప్రతిపాదన. నేను వ్యతిరేకించాను. ఓటింగులో ఒకటికి ఒకటి వచ్చింది. బస్సును ఆపుదామంటే రెండు బస్సులు నిండుగా వచ్చి ఆపకుండానే పోయాయి. దండల్లో బంతిపూలు తల వంచుతున్నాయి. ఆళ్లగడ్డలో మద్దిలేటి గడియారం చూస్తూ కూర్చుని ఉంటాడు, ఆ పిల్ల రోడ్డు వైపు చూస్తూ ఉంటుంది.

అప్పుడొచ్చాడు రంగాచారి. తీర్చిన తిరునామం, జరీ పంచె, భుజాన పంచాంగం తొంగిచూస్తున్న సంచీ, కింద అచ్చం నా బండి లాంటి బండి. అదే కంపెనీ, అదే కాలం. తేడా ఏమిటంటే అది నడుస్తోంది. ఆయన ఆపి, ఏమైందని అడిగాడు. అరుస్తుంది, పోదు అన్నాను.

"ఆయిల్ ఏమన్నా మార్చినారాప్పా?"

శేషయ్య గర్వంగా డబ్బా అందించాడు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీని మీద కారు బొమ్మ ఉండాది గదా."

శేషయ్య నాలుగు చక్రాల వాదన మళ్లీ వినిపించాడు. నంద్యాలలో మూడు ఓట్లు తెచ్చిన వాదన అది. శిరివెళ్లలో ఒక్కటీ తేలేదు.

"కారులో క్లచ్ వేరే గదిలో పొడిగా ఉంటాదప్పా. మన బండిలో ఇంజినూ గేర్లూ క్లచ్ ప్లేట్లూ అన్నీ ఒకే ఆయిల్లో తడుస్తాయి. కారు ఆయిల్లో జారుడు మందు కలిపింటారు. ఇంజినుకు మంచిదే అది. మన ప్లేట్లు మాత్రం ఒకదాన్నొకటి పట్టుకోలేక జారిపోతాండాయి. ఇంగ బండి యాడ పోతాది?"

నాలో ముప్పై ఏళ్ల వాదప్రతివాదాలు ఒక్కసారి లేచి కూర్చున్నాయి. పంచాంగం పట్టుకున్న మనిషి చెబితే నమ్మాలా? దీనికి ఆధారం ఏమిటని నిలదీశాను.

"బండితో పాటు పుస్తకం ఇస్తారు గదా. దాంట్లో ఉండాది. నువ్వు సదవలేదా?"

పాఠకులారా, నేను నాలుగు మతాల గ్రంథాలు అట్ట నుంచి అట్ట వరకు చదివి ఖండించినవాణ్ణి. ఆ పలచని పుస్తకం మాత్రం విప్పలేదు. ఈ విషయం ఆయనకు చెప్పలేదు. పుస్తకంలో ఉన్నంత మాత్రాన నిజం కాదు, ప్రయోగం చేసి చూడాలి అన్నాను. ఆయన నవ్వి సంచీలోంచి డబ్బా తీశాడు. తన బండికి మార్చుకోవడానికి కొనుక్కున్నదట. ముందు వైపు ట్వెంటీ డబ్ల్యూ ఫార్టీ అని, వెనక చిన్న చట్రంలో జాసో ఎంఏ అని ఉంది. పాత బండికి ఈ గ్రేడే పుస్తకంలో రాశారని, ఆ ఎంఏ గుర్తు ఉందంటే తడి క్లచ్‌కు సరిపోయినట్టు పరీక్షించిన ఆయిల్ అని వివరించాడు. పలచటి ఆయిల్ అరిగిన ఇంజిన్లో పోస్తే కారుతుంది, కాలుతుంది, అది వేరే బాధ అన్నాడు. అన్నీ బాగున్నాయి గానీ ఆ డబ్బా మూత మీద పసుపు పూసి మూడు కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి.

నేను జేబు రుమాలు తీసి బొట్లు తుడిచాను. సూత్రం సూత్రమే.

"తుడుచుకో. లోపల పూయలేదులే" అన్నాడాయన.

ఇంతకూ ఆయిల్ మార్చడానికి రోజు చూస్తావా అని అడిగాను. ఏకాదశికి మారుస్తానన్నాడు. మరి కిలోమీటర్లు చూడవా అన్నాను. అవీ చూస్తాను, రెండింట్లో ఏది ముందొస్తే అది అన్నాడు. నేను రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాను.

టూల్ కిట్టులోంచి పానా తీసి ఇంజిన్ అడుగున ఉన్న బోల్టు విప్పాం. కింద సగానికి కోసిన నీళ్ల బాటిల్ పెట్టాం. వేడిగా ఉన్నప్పుడే ఆయిల్ మొత్తం దిగుతుంది, అందుకే వేడి ఇంజిన్ మీదే విప్పాలి. అదే కారణంగా వేలు కాలుతుంది. శేషయ్యకు కాలింది. దిగేదాకా నిలబడి ఉండగా రంగాచారి మా బుట్టలోని దండలు చూసి, ఎవరి పెళ్లి అని అడిగాడు. చెప్పాను. ఆయన పంచె సర్దుకుని పెద్దగా నవ్వాడు.

"మద్దిలేటి ఇంట్లోనా? నేనూ ఆడికే పోతాండా. నువ్వు రాకుంటే మంత్రాలు చదవాల్సింది నేనే."

శేషయ్య చేతిలోని పానా జారి కింద పడింది. మమ్మల్ని ఇక్కడ వదిలేసి పోతే పెళ్లి ఆయనది, మంత్రాలు ఆయనవి. మరి ఆయిల్ ఎందుకిచ్చావని అడిగాను. చాగలమర్రిలో ఒంటిగంటకు గృహప్రవేశం ఉందట. మద్దిలేటి బలవంతం మీద మాటిచ్చి ఇరుక్కున్నాడట.

"నువ్వు టయానికి పోయి ఆ పెళ్లి చేయిస్తే నాకు చాగలమర్రి దక్కుతాది. బేగా ఆయిల్ పొయ్యి స్వామీ."

నాస్తికుణ్ణి స్వామీ అని పిలిచిన మొదటి పురోహితుడు ఆయనే.

కొత్త ఆయిల్ పోసి, పదకొండు దాటాక బండెక్కాం. ప్రయోగ ఫలితం నిజాయితీగా రాస్తున్నాను: మొదటి కొన్ని కిలోమీటర్లు ఇంకా జారింది. ప్లేట్లకు అంటిన కారు ఆయిల్ వదలాలి, గట్టిగా తిప్పకుండా నిదానంగా పోనిమ్మని రంగాచారి ముందే చెప్పాడు. పోను పోను పట్టు దొరికింది. ఆళ్లగడ్డ పొలిమేర వచ్చేసరికి ఇంజిన్ ఎంత అరిస్తే బండి అంత పోయింది. రంగాచారి మా వెనకే వచ్చాడు, మేం ఆగిపోతే తోయడానికి.

పెళ్లి మద్దిలేటి రాతి విగ్రహాలు చెక్కే షెడ్డులో. రాతి పొడి లేవకుండా నీళ్లు చల్లి, షామియానా వేశారు. చుట్టూ సగం చెక్కిన దేవుళ్లు. విగ్రహానికి కళ్లు చివరన తెరుస్తారు కాబట్టి వాళ్లెవరికీ ఇంకా చూపు లేదు. మా పెళ్లికి అలాంటి సాక్షులే నయం అనుకున్నాను. పన్నెండుకు ఇంకో పది నిమిషాలుంది. మద్దిలేటి మమ్మల్నీ, మా వెనక స్వామినీ చూసి, ఎవరిని పలకరించాలో తెలియక ఇద్దరికీ కలిపి ఒక నమస్కారం పెట్టాడు.

మైకు బిగించేసరికి కొన్ని నిమిషాలు పోయాయి. వివాహ వ్యవస్థ పుట్టుక గురించి నేను ఆదిమ సమాజం దగ్గర మొదలుపెట్టాను. ప్రతి పెళ్లిలో అక్కడే మొదలుపెడతాను. వేట దశ దాటి వ్యవసాయానికి వస్తుండగా మద్దిలేటి చేతి గడియారం చూశాడు, అది చూసి నేను నా గడియారం చూశాను. సుభాషిణి నా మైకు పక్కకు జరిపింది.

"రాహుకాలం లేదనేది నువ్వే గదా పెదనాయనా. గడియారం ఏందిటికి చూస్తాండావ్?"

షెడ్డంతా నవ్వు. ముప్పై ఏళ్లుగా రాహుకాలాన్ని మా సంఘమంత నిష్ఠగా పాటించిన వాళ్లు ఆళ్లగడ్డలో మరెవరూ ఉండరు. వ్యవసాయాన్ని మధ్యలో వదిలి ప్రమాణాలకు వచ్చాను. ఇద్దరూ చదివారు, దండలు మార్చుకున్నారు. ప్రసాదు చివరి వాక్యం పలుకుతుండగా పక్క మసీదులో జుమ్మా కోసం మైకు సరిచూస్తున్న శబ్దం వినిపించింది. మద్దిలేటి గోడ గడియారం వైపు వేలు చూపించాడు. పన్నెండూ అయిదు. షరతు ప్రకారం పెళ్లి కాలేదు, స్వామి మళ్లీ మొదటి నుంచి చేయించాలన్నాడు. సుభాషిణి ప్రసాదు చెయ్యి పట్టుకుంది. అందరూ రంగాచారి వైపు తిరిగారు. రంగాచారి చాగలమర్రి వైపు చూశాడు.

"క్యాలెండర్లో వేసేది ఊర్లన్నిటికీ ఒకటే లెక్క మద్దిలేటీ. పంచాంగం చూడు. సూర్యుడు ఉదయించిన వేళను బట్టి ఈ ఊర్లో రాహుకాలం పన్నెండుంబావు దాకా ఉండాది. ఈళ్ల పెళ్లి రాహుకాలంలోనే అయింది. నాకింగ పన్లేదు."

మైకు నా చేతిలోనే ఉంది. పంచాంగం నూటికి నూరుపాళ్లు సరైనదని, ప్రతి ఊరికీ మధ్యాహ్నం వేరని, ఇది ఖగోళ శాస్త్రమని, దీన్ని కాదనడం అజ్ఞానమని నిప్పులు చెరిగాను. మా సంఘం ఉపన్యాసాల్లో పురోహితుడు చప్పట్లు కొట్టినది అదొక్కటే. మద్దిలేటి పిల్ల తల మీద చెయ్యి పెట్టి, ఆకులు వేయమన్నాడు.

భోజనంలో ఓళిగలు, నెయ్యి, చిత్రాన్నం. రంగాచారి కూర్చోకుండానే చాగలమర్రికి పోయాడు. మూడున్నరకు మేం తిరుగు దారి పట్టాం. దించిన ఆయిల్‌ను నేల మీద పారబోయకుండా ఖాళీ అయిన డబ్బాలో పోసి, మూత బిగించి హ్యాండిల్‌కు కట్టుకొచ్చాం, నంద్యాలలో పాత ఆయిల్ కొనేవాడికి ఇచ్చాం. ఆయిల్ బాగుంది కాబట్టి స్వామి మాటలన్నీ బాగున్నాయనుకోవాలా అని శేషయ్య దారంతా మథనపడ్డాడు. అక్కర్లేదన్నాను. ఒక మనిషి చెప్పినవాటిలో క్లచ్ సంగతి నిజం కావచ్చు, ఏకాదశి సంగతి కాకపోవచ్చు. దేనికది విడిగా తేల్చుకోవాలి. మాటను మనిషిని బట్టి, డబ్బా ధరను బట్టి, చేతులెత్తిన లెక్కను బట్టి తేల్చేవాడు గుళ్లో ఉన్నా సంఘంలో ఉన్నా ఒక్కటే.

చదివి తలూపి పక్కన పడేయకండి. లేవండి. మీ బండి పుస్తకం ఎక్కడుందో వెతికి, గ్రేడు ఏం రాశారో చూడండి. దొరక్కపోతే ఆ మోడల్ పుస్తకం ఇంకొకరి దగ్గర అడిగి చూడండి. ఇంట్లో ఉన్న ఆయిల్ డబ్బా వెనక్కి తిప్పి ఎంఏ గుర్తు కోసం చదవండి. అది లేదా, కారు బొమ్మ ఉందా, అయితే ఈ రోజే ఇంజిన్లోంచి దించేయండి.